కలుపుతీత

సింజి దసరా సెలవులకు ఇంటికొచ్చి మూడు రోజులైనా నానమ్మతో ఒక్క ముక్క మాట్లాడలేదు. అలిగిందేమో అనుకున్నారు. ఏడేళ్ళ పిల్ల, మొదటిసారి నాలుగు నెలలు హాస్టల్లో ఉండి వచ్చింది, ఆ మాత్రం అలక ఉండదా? తల్లి పురిట్లోనే పోతే చంకనేసుకుని పెంచిన నానమ్మ. చామదుంపలు నిప్పుల్లో కాల్చి పెట్టింది, తేనె తెచ్చి నాకించింది, బతిమాలింది. నాలుగో రోజుకి ముసలామెకు ఒళ్ళు మండి కేకలేసింది. సింజి రెండు చెవులూ గట్టిగా మూసుకుని తండ్రి వైపు తిరిగింది. ఒత్తులెక్కడా జారకుండా, రేడియోలో వార్తలు చదివినంత శుభ్రంగా అంది: "నాన్నగారూ, ఈవిడ ఏమంటున్నారో నాకు అర్థం కావడం లేదు. తల నొప్పిగా ఉంది."

తండ్రి బుద్ర చేతిలో కొడవలి చేతిలోనే ఉండిపోయింది. జూన్‌లో కొండ దిగేటప్పుడు ఆ పిల్లకి వచ్చిన తెలుగు మాటలు రెండే, బస్సు, బిస్కట్టు. నాలుగు నెలల్లో ఇంత తెలుగు రావడం ఒక వింత. ఉన్న మాట ఊడిపోవడం ఇంకో వింత. అతను ఫోనుకు సిగ్నలందే బండరాయి దాకా పరుగెత్తి అక్కకు ఫోన్ చేశాడు.

"అప్పా, పిల్లకి మన మాట పోనాది."

"పోవడమేంట్రా? సిగ్గుపడుతోందేమో."

"సిగ్గు కాదప్పా. అమ్మ మాటాడతంటే సెవులు మూసుకుంటంది. నువ్వు సెప్తేనే కదా పంపినాను. ఏటైనాదో నువ్వే సెప్పాల."

ఆ అక్క డాక్టర్ సౌదామిని. మందులిచ్చే డాక్టరు కాదు, మెదడు మీద పరిశోధన చేసే డాక్టరు. విశాఖపట్నంలో ఒక సంస్థలో పదిహేనేళ్ళుగా పనిచేస్తోంది. కొర్రికలు అని కొండల్లో ఒక జాతి ఉంది, పదిహేడు ఊళ్ళు, నాలుగు వేల పైచిలుకు మనుషులు. వాళ్ళలో డాక్టరేట్ చేసింది ఈమె ఒక్కతే. ఆరేళ్ళప్పుడు జీపు వచ్చి ఎక్కించుకుపోయింది. ఆ హాస్టల్ హెడ్‌మాస్టరుకి కవిత్వం పిచ్చి. ఆ ఏడు చేరిన ఆడపిల్లలందరికీ సౌదామిని, మందాకిని, కాదంబిని అని వరసగా పేర్లు పెట్టేశాడు. పేర్లు ఎంత మెత్తనో బెత్తం అంత గట్టిది. కొర్రిక మాట ఒకటి నోట్లోంచి జారితే వేళ్ళ కణుపుల మీద ఒక దెబ్బ. ఏడాది తిరిగేసరికి దెబ్బలు ఆగాయి, మాటలు కూడా ఆగాయి కాబట్టి. ఇప్పుడు కన్నతల్లితో మాట్లాడాలంటే మధ్యలో తమ్ముడు ఉండాల్సిందే.

అందుకే ఆమె హాస్టల్ పిల్లల కోసం ఒక టోపీ తయారు చేసింది. మనసులో కుళ్ళు పెట్టుకుని కాదు. తన వేళ్ళ మీద పడ్డ దెబ్బలు ఇంకే పిల్ల వేళ్ళ మీదా పడకూడదన్న పట్టుదలతోనే. మెత్తటి గుడ్డ టోపీ, లోపల వెంట్రుకంత సన్నటి తీగలు. పడుకునేటప్పుడు పిల్ల తలకు పెడితే నిద్రలోనే తెలుగు ఎక్కుతుంది. పిల్లలు దాన్ని కిరీటం అని మురిసిపోయేవాళ్ళు.

ఫోన్ వచ్చిన మర్నాడే సౌదామిని జీపులో కొండెక్కింది. సింజిని చావడిలో చాప మీద కూర్చోబెట్టి తలకు పరీక్ష తీగలు అంటించి, తల్లిని మాట్లాడమంది. ముసలామె ఏదో చెబుతూ పోయింది. ల్యాప్‌టాప్ మీద గీతలు కదిలాయి. మాట విన్న మెదడు వేసే గీతలు సౌదామినికి కంఠతా వచ్చు. ఇవి అవి కావు. పక్కింట్లో బోరు వేస్తుంటే మెదడు ఎలా ముడుచుకుంటుందో అలాంటి గీతలు. పిల్లకు నానమ్మ గొంతు మాటగా అందడం లేదు, మోతగా అందుతోంది.

"ఏటప్పా?" అన్నాడు బుద్ర.

"చూస్తున్నాను, ఉండు," అంది గానీ ల్యాప్‌టాప్ తన వైపు తిప్పేసుకుంది. ఆ గీతలు అలా ఎందుకున్నాయో ఆమెకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. దాచుకుంటే దాగేదా!

టోపీలో రెండు చానెళ్ళున్నాయి. మొదటిది నేర్పేది. మొదటి ఏడు అదొక్కటే పెట్టి చూశారు. పిల్లలకు తెలుగు రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది, ఇంటి మాట ఇంటి మాటలాగే ఉండిపోయింది. బడులు నడిపే వెలుగుదారి సొసైటీ వాళ్ళకు అది నచ్చలేదు. జూన్‌లో చేరిన పిల్ల దసరాకి ఇంటికెళ్తుంది, పది రోజుల్లో మళ్ళీ మొదటికొస్తుంది, ఇలాగైతే ఎలాగ అన్నారు. అప్పుడు సౌదామిని రెండో చానెల్ పెట్టింది. నిద్రలో మెదడు పగలు విన్న మాటల్ని నెమరేసుకుంటుంది కదా, అందులో ఇంటి మాట వచ్చిన ప్రతిసారీ సన్నటి విద్యుత్తుతో అణిచేయడం. పద్నాలుగు నెలల పని నలభై రాత్రుల్లో అయిపోయింది. ల్యాబులో అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చానెల్‌కు పేరు పెట్టమంటే సౌదామినే నవ్వుతూ నోటుపుస్తకంలో రాసింది, కలుపుతీత అని.

పోయిందేమిటో ఆమెకు తట్టలేదు. తనకు ఆ మాట పోయి ముప్పై ఆరేళ్ళయింది, నాకేం తక్కువైంది అనుకుంది. ఆ నమ్మకంతోనే సొంత మేనకోడల్ని కూడా ఆ టోపీ కింద పడుకోబెట్టింది.

దసరా నుంచి సంక్రాంతి దాటేదాకా ఆమె ల్యాబులో చేసింది ఒక్కటే పని, అణిచినదాన్ని మళ్ళీ లేపడం ఎలాగ అని. టోపీని తిరగేసి నడిపి, పక్కన ఇంటివాళ్ళు ఇంటి మాట మాట్లాడుతుంటే లేస్తుందని తేలింది. కానీ ఒక గడువుంది. నలభై రాత్రులూ ముగిసిన తర్వాత రెండొందల రోజుల లోపే మొదలుపెట్టాలి. దాటితే బిగిసిపోతుంది. ముందరి రెండు బ్యాచుల్లోంచి తొమ్మిది మందిని పిలిచి చూసింది. ఒక్కరికి కూడా కదలలేదు. ఆ రెండు బ్యాచులూ కలిపి రెండొందల అరవై మంది పిల్లలు, చేరాక ఒక్కసారి కూడా ఇళ్ళకు పంపలేదు గనక ఊళ్ళకు ఏమీ తెలియలేదు. ఆ లెక్క తలకెక్కిన రోజున ఆమె అన్నం ముందు కూర్చుని కూర్చుని లేచిపోయింది.

మిగిలింది సింజి బ్యాచు, నలభై ఒక్క మంది. వాళ్ళ గడువు ఫిబ్రవరి పద్నాలుగు. దసరా సెలవులయ్యాక మళ్ళీ హాస్టలుకు తీసుకెళ్ళిన పిల్లల్ని సొసైటీ వదలనంది. సంక్రాంతి సెలవులకు కూడా ఇళ్ళకు పంపలేదు. ఈలోగా పదిహేడు ఊళ్ళవాళ్ళూ కలిసి ఎలీషా అనే వకీలు చేత అర్జీ రాయించారు. అందులో ఎలీషా ఒక మాట వాడాడు. జాతిహననం. ఆ మాటతో గొడవ పేపర్లకెక్కింది, ప్రభుత్వం విచారణ కమిషన్ వేసింది. ఫిబ్రవరి మూడున సౌదామిని సాక్ష్యం.

"ఒక్కటే వాక్యం చెప్పమ్మా," అన్నాడు సంస్థ డైరెక్టర్ గోవర్ధనం, ఆ ఉదయం కారులో. మంచి మనిషే, సౌదామినికి పీహెచ్‌డీ సీటు ఇప్పించింది ఆయనే. "రెండో చానెల్ అనుకోకుండా అలా పనిచేసింది, సరిచేస్తున్నాం అను. టెక్నికల్ కమిటీ వేస్తారు. మూడు నెలల్లో సర్దుకుంటుంది."

"మూడు నెలలంటే మే నెల సార్. పిల్లల గడువు ఇంకా పదకొండు రోజులే."

"నువ్వు నిజం చెప్తే నీకు జైలు. నాకూ జైలే అనుకో. జైల్లో కూర్చుని టోపీ ఎలా తిప్పుతావు?"

సౌదామిని కారు అద్దం దించి ఊపిరి పీల్చుకుంది. 

కలెక్టరేట్ మీటింగు హాల్లో విచారణ. అధ్యక్షుడు రుక్నుద్దీన్ గారు, కర్నూలు వైపు మనిషి, జడ్జిగా రిటైరై ఆరేళ్ళయింది. మాట తక్కువ, చెవులు పెద్దవి. ఆయన ముందుగానే చెప్పేశాడు. "బలవంతం జరిగింది, కావాలని జరిగింది అని నాకు ఈరోజు పైపైన నమ్మకం కుదిరితే పిల్లల్ని రేపే ఇళ్ళకు పంపమంటాను. కుదరకపోతే టెక్నికల్ కమిటీ. మధ్యేమార్గం నా చేతిలో లేదు."

సొసైటీ తరఫు వకీలు భానుప్రకాశ్. గొంతు విప్పితే హరికథ విన్నట్టుంటుంది.

"అయ్యా, జాతిహననం అన్నారు. పెద్ద మాట. హననం జరిగితే శవాలుండాలి కదా, ఒక్కటి చూపించమనండి. ఈ పిల్లల బరువు చూడండి, చేరినప్పటికన్నా మూడేసి కిలోలు పెరిగారు. మలేరియా లేదు. చక్కగా చదువుతున్నారు. చంపేవాడు గుడ్డూ పాలూ పెట్టి చంపుతాడా?"

ఎలీషా లేచాడు. కుర్రవాడు, ఉద్రేకం ఎక్కువ. "పంతొమ్మిదొందల నలభై ఎనిమిది నాటి అంతర్జాతీయ ఒప్పందం రెండో అధికరణంలో అయిదు పనులు రాశారు సార్. చంపడం వాటిలో ఒకటే. అయిదోది, ఒక జాతి పిల్లల్ని బలవంతంగా ఇంకో జాతిలోకి తరలించడం. దానికి శవం అక్కర్లేదు."

"చదివారు, సంతోషం. అదే ఒప్పందం రాసేటప్పుడు భాష, సంస్కృతి నాశనం చేయడం కూడా చేరుద్దామని వాదన వచ్చిందని, వద్దని కావాలనే వదిలేశారని కూడా చదివే ఉంటారు. పైగా రెండు షరతులు. బలవంతం ఉండాలి, నాశనం చేయాలన్న ఉద్దేశం ఉండాలి." భానుప్రకాశ్ తెర వైపు చెయ్యి చూపించాడు. "బలవంతం సంగతి మీరే చూడండి."

తెర మీద జూన్ నెల నాటి వీడియో నడిచింది. కొర్రిక ఊళ్ళవాళ్ళు డప్పులు కొట్టుకుంటూ పిల్లల్ని బడికి తెచ్చారు. పిల్లల కాళ్ళకు పసుపు, తలలో అడవిపూలు. ఏడ్చిన తల్లి ఒక్కతె కూడా లేదు. బడి గుమ్మంలో పట్టుచీర కట్టుకుని సౌదామిని నిలబడి ఉంది. ఒక్కో పిల్లనూ తండ్రి చెయ్యి పట్టి అప్పగిస్తుంటే ఆమె నవ్వుతూ ఆ పిల్ల మణికట్టుకు నారతాడు కడుతోంది. ఫోటోగ్రాఫరు ఇటు చూడండి మేడమ్ అంటున్నాడు.

"జీపులేవి? పోలీసులేరి? మేళతాళాలతో బిడ్డను అప్పగిస్తే దాన్ని బలవంతం అంటారా అయ్యా? అంటే మన పెళ్ళిళ్ళన్నీ కేసులే!"

హాల్లో నవ్వులు. రుక్నుద్దీన్ గారు నవ్వలేదు, కాగితం మీద ఏదో రాసుకున్నాడు.  ఆయన నమ్మేశాడు అనుకుంది సౌదామిని. చూసినవాడెవడైనా నమ్ముతాడు మరి. తనకే అర్థం కావడం లేదు, వీళ్ళెందుకు అంత సంబరంగా తెచ్చి ఇచ్చారని.

భోజనాల వేళ బుద్ర క్యాంటీన్ వెనక మెట్ల మీద పులిహోర పొట్లం విప్పుకుని కూర్చున్నాడు. తినడం లేదు. సౌదామిని పక్కన కూలబడింది.

"ఒక్క సంగతి చెప్పరా. నన్ను తీసుకెళ్ళినప్పుడు అమ్మ జీపు వెనక పరుగెత్తిందన్నావు కదా. మరి ఈసారి డప్పులెందుకు కొట్టారు?"

బుద్ర ఆమెను ఎగాదిగా చూశాడు. "నువ్వు కట్టినావు కదప్పా, నార."

"కట్టాను. వాళ్ళు చేతికిచ్చారు, ఫోటో కోసం కట్టమన్నారు. అదేదో స్వాగతం అనుకున్నాను."

"సోగతమా!" పొట్లం పక్కన పెట్టేశాడు. "మనలో పిల్లకి ఏడేళ్ళొస్తే మూడు వానలు ఇంకో ఇంటికి పంపుతాం. మేనమామ ఇంటికో మేనత్త ఇంటికో. ఏదో ఒక పని నేర్చుకొస్తాది, వేటో, బుట్టలల్లడమో. పుచ్చుకున్నోళ్ళు నార కడతారు. కట్టినారంటే మాటిచ్చినట్టే. పిల్లని ఎలాగ ఇచ్చినారో అలాగే తెచ్చి ఇయ్యాల, పేరూ మాటా అన్నీ. నేర్చుకున్నది పైన. నార కట్టి మాట తప్పినోడు మా తాతల కాలంలో కూడా ఎవుడూ లేడు."

నార కట్టిన తన చేతుల వంక చూసుకుంది సౌదామిని.

"సొసైటీ బాబులొచ్చి రెండేళ్ళు అడిగినారు. ముందరి పిల్లలందర్నీ బియ్యం ఆపేత్తాం, కార్డు తీసేత్తాం అని బెదిరించి అట్టుకెళ్ళినారు. ఈ ఏడు మాత్రం మేం ఇయ్యం అన్నాం. కార్డు పోతే పోనీ అన్నాం. అప్పుడు నీ పేరు సెప్పినారు. మా పిల్లే, మా ఇంటి ఆడబిడ్డే నార కడతాదంట అని పదిహేడు ఊళ్ళూ కబురెళ్ళింది. ఇంకేటి బయం? డప్పులు కొట్టినాం."

"నాకు తెలీదురా. నిజంగా తెలీదు."

"నీకు తెలీదని మాకు తెలీదప్పా," అన్నాడు బుద్ర. కోపంగా అనలేదు. అందుకే ఆమెకు ఇంకా ఎక్కువ తగిలింది. కొర్రిక పుట్టుక పుట్టిన మనిషికి నార సంగతి తెలియకుండా ఉంటుందని ఆ పదిహేడు ఊళ్ళలో ఒక్కరికీ తట్టలేదు. అదీ వాళ్ళు చేసిన పొరపాటు. అలాంటి పొరపాటు వాళ్ళే చేయగలరు.

మధ్యాహ్నం ఆమెను పిలిచారు. గోవర్ధనం మొదటి వరసలో కూర్చుని కళ్ళతోనే బతిమాలుతున్నాడు. బోనేమీ లేదు, ఒక కుర్చీ, మైకు. ఆమె సంచిలోంచి ల్యాబు నోటుపుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. 

"రెండో చానెల్ పొరపాటున అలా పనిచేయలేదు సార్. అలా పనిచేయడానికే చేశాను. పేజీ నలభై ఆరు, నా చేతిరాత." చదివింది. "ఇంటికి వెళ్ళినా వెనక్కి జారకూడదు. ఇంటి మాటను వేరుతో సహా తీయాలి. కలుపుతీత, నూటికి ముప్పై వంతుల బలంతో మొదలు."

 గోవర్ధనం తల దించుకున్నాడు.

"ఇంక బలవంతం సంగతి," అని నార కథంతా చెప్పింది. బుద్ర చెప్పినట్టే, ఏమీ కలపకుండా. బియ్యం కార్డులతో తెచ్చిన రెండు బ్యాచుల సంగతి కూడా చెప్పింది. "వీడియోలో ఉన్నది బడికి ఒప్పుకోవడం కాదు సార్. నేను వాళ్ళకిచ్చిన మాట. ఆ మాట ఇస్తున్నానని నాకు తెలీదు. సొసైటీకి తెలుసు, అందుకే నా చేత కట్టించింది."

భానుప్రకాశ్ మెల్లగా లేచాడు. ఇప్పుడతని గొంతులో హరికథ లేదు.

"డాక్టర్ గారూ, మీరూ కొర్రిక పిల్లే. మిమ్మల్నీ ఇలాగే తెచ్చారు, మీ భాషా పోయింది. మీరు చచ్చిపోయారా? బతికే ఉన్నారు. డాక్టరయ్యారు. మీ తమ్ముడికన్నా మీ బతుకు బాగుందా లేదా, నిజం చెప్పండి."

"చాలా విషయాల్లో బాగుంది."

"మరి మీరు జాతిహననానికి సాక్ష్యం ఎలా అవుతారు?"

సౌదామిని మైకు దగ్గరికి లాక్కుంది. 

"నేను బతికే ఉన్నాను సార్. కానీ నన్ను తెచ్చిన రోజున కొర్రికలు ఒకరు తగ్గారు, మీరు ఒకరు పెరిగారు. ఇప్పుడు మూడొందల మంది. ఉన్నదే నాలుగు వేలు. ఇలాగే ఏడాదికి ఒక బ్యాచు తెస్తే ఇంకో పాతికేళ్ళకు పిల్లలందరూ బతికే ఉంటారు, నాలాగే. బరువు కూడా పెరుగుతారు. కొర్రికలు మాత్రం ఉండరు. మీరు శవం చూపించమన్నారు. శవం లేకుండా ఆ పని చేయడానికే కదా నేను టోపీ కనిపెట్టింది."

"ఆ మాట వాడొచ్చా లేదా, చెప్పండి," అన్నాడు రుక్నుద్దీన్ గారు, పెన్ను పట్టుకుని.

"చట్టం నాకు తెలీదు సార్, మీరే తేల్చాలి. చేసింది నేను. ఎందుకు చేశానో పుస్తకంలో ఉంది. గడువు పదకొండు రోజులుంది, అది మాత్రం మర్చిపోకండి."

సాయంత్రం నాలుగున్నరకు ఉత్తర్వు వచ్చింది. జాతిహననమా కాదా అన్నది తుది నివేదికలో చెబుతానన్నాడు రుక్నుద్దీన్ గారు. ఆ మాటను కొట్టేయమన్న సొసైటీ విన్నపాన్ని మాత్రం తోసిపుచ్చాడు. పిల్లల్ని నలభై ఎనిమిది గంటల్లో ఇళ్ళకు చేర్చాలన్నాడు. డైరెక్టరు మీద, సౌదామిని మీద, సొసైటీ పెద్దల మీద కేసు పెట్టమన్నాడు. టోపీని తిప్పడం తెలిసింది ఆమెకొక్కతికే కాబట్టి చికిత్స అయ్యేదాకా పోలీసు కాపలాతో కొండ మీద ఉండనివ్వమన్నాడు. గోవర్ధనం ఆమె పక్కనుంచి వెళ్తూ పలకరించలేదు.

కొండ మీది జోడుగెడ్డ ఊరి ఆరోగ్య ఉపకేంద్రంలో ఫిబ్రవరి ఏడున మొదలుపెట్టారు. ఒక గదిలో పది చాపలు, వంతుల వారీగా పిల్లలు మధ్యాహ్నం నిద్రపోతారు. టోపీలు సౌదామిని సరిచేస్తుంది. పక్కన ఇంటివాళ్ళు కూర్చుని మాట్లాడాలి. ఏం మాట్లాడాలో తెలియక మొదటిరోజు అందరూ బిగుసుకుపోయారు. చివరికి సౌదామిని తల్లి ఎవరిదో కోడి వచ్చి తన విత్తనాలు తినేసిందని అందుకుంది, ఇంక ఆ నోరు ఆగలేదు. తిట్లకు గీతలు కదిలినంతగా ముద్దు మాటలకు కదలడం లేదని రెండో రోజుకే తేలింది. ఆ తర్వాత గదంతా తిట్లే. గుమ్మంలో కాపలా ఉన్న కానిస్టేబులు భయపడి లోపలికి తొంగి చూసేవాడు.

అందులో ఒక్క ముక్క సౌదామినికి అర్థం కాదు. తల్లి గొంతు వింటూ గీతలు చూస్తూ కూర్చునేది. సరదాకి ఒకసారి టోపీ తన తలకు పెట్టుకుని చూసింది. ముప్పై ఆరేళ్ళ కిందటిది, ఎక్కడ లేస్తుంది? తెర మీద సన్నటి, తిన్నని గీత. తీసేసి చాప కింద పెట్టింది.

అయిదో రోజుకి ఒక పిల్లవాడు నిద్రలోంచి లేచి ఏదో అడిగాడు, వాళ్ళమ్మ ఏడ్చేసింది. ఆరో రోజుకి నలుగురు. ఎనిమిదో రోజుకి పంతొమ్మిది మంది. కొందరికి మాట లేచింది గానీ తడబడుతోంది, కొందరికి అసలు కదలికే లేదు. సింజికి గీతలు కదలడమే గానీ లేచాక మళ్ళీ అదే శుభ్రమైన తెలుగు. "మేడమ్‌గారూ, ఈరోజు కూడా పడుకోవాలా?" అని చక్కగా అడిగేది. ఆ మర్యాద విన్నప్పుడల్లా సౌదామినికి ఎక్కడైనా దాక్కోవాలనిపించేది. బుద్ర గోడకు ఆనుకుని కూర్చుని కూతురి మొహమే చూస్తుండేవాడు.

పదకొండో రోజు మధ్యాహ్నం నానమ్మ తిట్టి తిట్టి అలిసిపోయి దాహానికి బయటికెళ్ళింది. సింజి కళ్ళు తెరిచింది. పైకప్పు చూసింది, తండ్రిని చూసింది. తర్వాత తల తిప్పి, టోపీ తీగలు విప్పుతున్న సౌదామిని మొహంలోకి చాలాసేపు చూసి, తండ్రిని ఏదో అడిగింది. తెలుగు కాదు.

బుద్ర గోడ దగ్గర్నుంచి జరిగి వచ్చాడు. తర్వాత వంగి నెమ్మదిగా జవాబు చెప్పాడు. కాస్త పొడుగు జవాబే. సింజి విని, సరే అన్నట్టు తలూపి, ఇటు తిరిగి పడుకుంది. అతని గడ్డం మీదుగా కన్నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"ఏమందిరా? ఏమడిగింది?"

"ఈవిడెవరు అని."

సౌదామిని చేతిలో తీగలు అలాగే ఉన్నాయి. అడగాలా వద్దా అని భయపడి, అడిగింది. "నువ్వేం చెప్పావు?"

బుద్ర కూతురి దుప్పటి సర్దాడు.

"మన పిల్లే అన్నాను. సిన్నప్పుడు ఎవరో అట్టుకుపోనారు, ఇంకా తిరిగి రాలేదని సెప్పినాను."